బ్యాంకాక్‌లో మా పెడన బట్ట

బ్యాంకాక్ వెళ్ళొచ్చామంటే మావాళ్ళు ఇప్పటికీ అదోలా నవ్వుతారు. మా ఆవిడతో కలిసే వెళ్ళానని చెబితే ఇంకాస్త నవ్వుతారు. ఆ ఊరి గురించి మనవాళ్ళ చెవిన పడిందంతా ఒకే రకం కబుర్లు కాబట్టి నేను ఎవరినీ ఏమీ అనను. కానీ మా ఇద్దరికీ ఆ ఊరంటే వేరే ఊరు. అది రాసిపెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను, ఇప్పటికి కుదిరింది.

2015 సంగతి. మెల్‌బోర్న్‌లో మా అమ్మాయి పురిటికి వెళ్ళి, మనవరాలికి నెలలు నిండి మెడ నిలిచేదాకా ఉండి, ఏప్రిల్ మొదట్లో తిరుగు ప్రయాణం అయ్యాం. టికెట్లు బ్యాంకాక్ మీదుగా. ఎలాగూ అక్కడ దిగి విమానం మారాలి కదా, దిగినవాళ్ళు కాస్త ఊరు చూసి వెళ్ళండి నాన్నా అని అమ్మాయే పట్టుబట్టి హోటల్ అదీ బుక్ చేసింది. మా ఆవిడకి అస్సలు ఇష్టం లేదు. ఇంటికి తాళం వేసి ఎన్నాళ్ళయిందో, పెరట్లో మొక్కలు ఏమయ్యాయో అని ఒకటే గొడవ. పైగా మేమిద్దరమే ఎక్కడికైనా వెళ్ళడమన్నది మా ఇంటా వంటా లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ తిరుపతి వెళ్ళినా కాశీ వెళ్ళినా అమ్మా నాన్నా, తోడికోడళ్ళూ ఆడపడుచులూ, పిల్లలూ, పులిహోర డబ్బాలూ, మంచినీళ్ళ కూజాలూ, మొత్తం ఒక పటాలం. ఎవరికీ అన్నం వడ్డించక్కర్లేకుండా, ఎవరినీ లెక్కపెట్టుకోకుండా ఇద్దరం రోడ్డు మీద నడవడం అదే మొదలు.

సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో వీసా దగ్గర పెద్ద క్యూ. అప్పుడు మనవాళ్ళకి దిగాక వీసా ఇచ్చేవాళ్ళు, మనిషికి వెయ్యి బాత్‌లు, అంటే మన డబ్బుల్లో రెండు వేలకి కాస్త తక్కువ. ఫొటో, హోటల్ కాగితం, తిరుగు టికెట్, చేతిలో నగదు, అన్నీ చూపించాలి. అమ్మాయి అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి ఇచ్చింది కాబట్టి టెన్షన్ లేకుండా బయటపడ్డాం. అక్కణ్ణుంచి రైల్లో ఫాయా థాయ్, అక్కడ రైలు మారి నది ఒడ్డున సఫాన్ తక్సిన్. హోటల్ అక్కడికి దగ్గరే.

మర్నాడు పొద్దున్నే పడవెక్కాం. బ్యాంకాక్‌లో నాకు బాగా నచ్చినవాటిలో ఆ పడవ ఒకటి. చావ్ ఫ్రాయా నది మీద మన సిటీ బస్సుల్లా జనం ఎక్కుతూ దిగుతూ ఉంటారు, నారింజ రంగు జెండా ఉన్న పడవ అయితే ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగినా అప్పట్లో పదిహేను బాత్‌లే. వెనకాల నిలబడ్డ కుర్రాడు ఈల వేస్తాడు, ఒక్కో ఈలకి ఒక్కో అర్థం, ఆ ఈలని బట్టే డ్రైవరు పడవని రేవుకి ఆనిస్తాడు. తాడు అలా చుట్టీ చుట్టకముందే జనం గెంతేస్తారు. మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, ఎలాగా అని నేను భయపడుతుంటే, ఎవరో కాలేజీ పిల్ల ఏమీ అడక్కుండా వచ్చి మోచెయ్యి పట్టుకుని దింపి, దణ్ణం పెట్టి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

తా చాంగ్ రేవులో దిగితే గ్రాండ్ ప్యాలెస్ దగ్గర. గేటు ఇంకా దూరంగా ఉండగానే ఒకతను మంచి ఇంగ్లీషులో ఇవాళ పొద్దున పూట మూసేశారండీ, మధ్యాహ్నం తెరుస్తారు, ఈలోగా మీకు వేరే గుళ్ళు చూపిస్తాను రండి అన్నాడు. నేను ఆగి వింటున్నాను. మా ఆవిడ మాత్రం అతని వెనకాల జనం ఎటు పోతున్నారో చూసి, "మూస్తే ఇంతమంది ఎక్కడికెళ్తున్నారండీ, నడవండి" అంటూ ముందుకి సాగిపోయింది. గేటు బార్లా తెరిచే ఉంది. మనిషికి ఐదువందల బాత్‌ల టికెట్. భుజాలూ కాళ్ళూ కనిపించే బట్టలతో వచ్చినవాళ్ళు పక్కన కౌంటర్లో లుంగీలూ చొక్కాలూ తీసుకోవడానికి బారులు తీరి ఉంటే, పెడన నేత చీర కట్టుకున్న మా ఆవిడ వాళ్ళందరినీ దాటుకుని నేరుగా లోపలికి నడిచింది.

1782లో మొదటి రామ రాజు ఈ ఊరిని రాజధాని చేసుకున్నప్పుడు మొదలుపెట్టిన కోట అది. అంతకుముందు చాలాకాలం రాజధాని అయుత్థయ, దాన్ని 1767లో బర్మావాళ్ళు నేలమట్టం చేస్తే కొన్నేళ్ళు నదికి అవతలి ఒడ్డున థోన్‌బురి రాజధానిగా ఉంది. లోపల మరకత బుద్ధుడి గుడి ఉంది. విగ్రహం 66 సెంటీమీటర్లే, అంత ఎత్తు పీఠం మీద చాలా చిన్నగా కనిపిస్తుంది. ఎండాకాలానికి ఒకటి, వానాకాలానికి ఒకటి, చలికాలానికి ఒకటి, మూడు బంగారు అలంకారాలు. వాటిని మార్చేది పూజారి కాదు, రాజు, లేదా రాజు తరఫున యువరాజు. లోపల ఫొటోలు తీయనివ్వరు, కాళ్ళు దేవుడి వైపు చాపకూడదు. మేం చాలాసేపు కూర్చున్నాం. చల్లటి రాతినేల, బయట ఏప్రిల్ ఎండ.

అసలు సంగతి అక్కణ్ణుంచి బయటికొచ్చాక మొదలైంది. గుడి చుట్టూ వసారా ఉంటుంది, దాని గోడల నిండా రామాయణం. 178 బొమ్మలట. బంగారు రేకుతో కిరీటాలూ రథాలూ మెరిసిపోతుంటాయి. వాళ్ళు దాన్ని రామకియెన్ అంటారు. చాలామంది నాలుగు ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతున్నారు. మేమూ అలాగే వెళ్ళేవాళ్ళమేమో. ఒక బొమ్మ దగ్గర మా ఆవిడ ఆగిపోయింది. తెల్లటి హనుమంతుడు, కొండంత పెరిగి కూర్చున్నాడు, నోరు తెరిచి ఉంది, ఆ నోట్లో ఒక మండపం, మండపంలో రాముడు.

నాకు ఏమీ అర్థం కాలేదు. తను మాత్రం ఒక్క నిమిషం చూసి, "మైరావణుడి కథండీ ఇది" అంది.

మైరావణుడి పేరు నాకూ తెలుసు గానీ కథ సరిగ్గా తెలియదు. మా ఆవిడ చిన్నప్పుడు ఎండాకాలంలో వాళ్ళ వీధిలోకి తోలుబొమ్మలాటవాళ్ళు వచ్చేవాళ్ళు. తెర కట్టి, రాత్రి భోజనాలయ్యాక మొదలుపెడితే తెల్లారేదాకా. చాపలూ దుప్పట్లూ తెచ్చుకుని అక్కడే కూర్చునేవాళ్ళు, పిల్లలు సగంలో నిద్రపోయేవాళ్ళు. ఈవిడ నిద్రపోయేది కాదట. అక్కడ బ్యాంకాక్ వసారాలో, ఎండకి జనం నీడకోసం తోసుకుంటుంటే, తను ఆ కథంతా నాకు చెప్పింది. రావణుడు చివర్లో దిక్కుతోచక పాతాళంలో ఉన్న మైరావణుణ్ణి పిలవడం, ఆ సంగతి తెలిసి హనుమంతుడు తోకతో కోట కట్టి రామలక్ష్మణుల్ని లోపల పెట్టి కాపలా కాయడం, మైరావణుడు విభీషణుడి వేషంలో వచ్చి లోపలికి దూరిపోవడం, ఇద్దర్నీ ఎత్తుకుపోయి కాళికి బలివ్వబోవడం. పాతాళం గుమ్మం దగ్గర హనుమంతుణ్ణి అడ్డుకునేవాడు మత్స్యవల్లభుడు, ఆయన కొడుకే. సముద్రం దాటేటప్పుడు రాలిన చెమట చుక్కని మింగిన చేపకి పుట్టినవాడు. ఇదేదీ వాల్మీకంలో లేదు. అయినా మన పల్లెల్లో వాల్మీకం తెలియనివాళ్ళకి కూడా ఇది తెలుసు.

ఇక్కడ తోక కోట లేదు, నోట్లో పెట్టుకున్నాడు, అంతే తేడా, అంటూ తను పక్క బొమ్మలోకి వెళ్ళింది. పక్కన ఉత్తరాదివాళ్ళ గుంపు ఒకటి ఉంది, వాళ్ళ గైడు ఇంగ్లీషులో చెబుతున్నాడు. మైయరాబ్ నిద్రమందు ఊది అందర్నీ పడుకోబెట్టి రాముణ్ణి ఎత్తుకుపోయాడనీ, హనుమంతుడికి అడ్డొచ్చిన చేపతోక కుర్రాడు మచ్ఛాను ఆయన కొడుకేననీ, సేతువు కట్టేటప్పుడు ఒక మత్స్యకన్యతో ప్రేమలో పడితే పుట్టాడనీ. నేను అది తెలుగులో చెప్పగానే మా ఆవిడ "రామ రామ, హనుమంతుడికి ప్రేమేవిటి" అని రెండు చెంపలూ వేసుకుంది. వేసుకున్నదల్లా కాసేపాగి, "వాళ్ళకీ చేప కొడుకు కథ ఉందన్నమాట, చూశారా" అని ఎంత సంబరపడిందో. ఏ పడవలో ఎవరు మోసుకొచ్చారో ఆ కథని, ఎవరు ఎవరికి చెప్పారో. ఆ తర్వాత ఇంకో బొమ్మ వదలనివ్వలేదు నన్ను. గైడు కూడా మా వైపు చూడటం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నానికి నేను డీలా పడ్డాను. తను పడలేదు. సనామ్ లువాంగ్ మైదానం పక్క నుంచి నడిస్తే నేషనల్ మ్యూజియం వస్తుంది, ఏసీ ఉంటుందనే ఆశతోనే నేను అటు తీసుకెళ్ళాను. ఒకప్పుడు ఉపరాజు ఉండే కోట అది. రాజుల అంత్యక్రియలకి వాడే రథాలు ఒక పెద్ద షెడ్డులో ఉన్నాయి, ఇంత చెక్కడం పని ఉన్న రథాన్ని నేను మన దగ్గర కూడా చూడలేదు. అవన్నీ చూసుకుంటూ బట్టల గదిలోకి వచ్చాం.

మా ఆవిడ పుట్టిల్లు పెడన. బందరుకి కూతవేటు దూరం. వాళ్ళ నాన్నగారిది అద్దకం పని, ఇప్పుడు మా బావమరిది చేస్తున్నాడు. మేం పెళ్ళి చేసుకున్నప్పుడు వాళ్ళింటి వెనక కాగులూ తొట్లూ ఉండేవి, బల్లల మీద అచ్చులు కొడుతున్న టపటప చప్పుడుకి నాకు మధ్యాహ్నం నిద్ర పట్టేది కాదు. నేను బ్యాంకువాణ్ణి, నాకు తెలిసినంతవరకు అది మామగారి వ్యాపారం. మా ఆవిడ దాని గురించి మా ఇంట్లో ఎప్పుడూ మాట్లాడింది లేదు, ఎవరూ అడగలేదు కూడా.

ఆ గదిలో అద్దం వెనక ఒక బట్ట వేలాడదీసి ఉంది. ముదురు ఎరుపు నేల, దాని మీద గళ్ళు, ప్రతి గడిలోనూ చేతులు జోడించిన ఒక దేవత, నడుము కిందినుంచి తామర రేకులు. అంచులకి వరసగా సన్నటి పొడవాటి మొనలు. దేవత ముఖమూ కిరీటమూ అన్నీ థాయ్ పద్ధతి. నేను ఇక్కడివాళ్ళ బట్టే అనుకుని దాటిపోతున్నాను.

"ఏమండీ, ఆగండి. ఇది మన బట్ట."

పక్కన చీటీలో రాసి ఉంది, కోరమాండల్ తీరంలో, అంటే మన తూర్పు సముద్రపు ఒడ్డున, సియాం (థాయ్‌లాండ్ పాత పేరు) ఆస్థానం కోసం చేసింది అని. తను చీటీ చదవలేదు, ఇంగ్లీషు అంత రాదు. కళ్ళజోడు తుడుచుకుని అద్దానికి ముక్కు ఆనించినంత పని చేసి, వేలితో గాల్లో చూపిస్తూ చెప్పింది. ఈ నల్లగీత చూశారా, ఇది కసిం. పాత ఇనుప ముక్కలు, బెల్లం కుండలో వేసి రోజుల తరబడి ఊరబెడతారు, ఆ వాసనకి పెరట్లోకి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. బట్టని ముందు కరక్కాయ పొడీ గేదెపాలూ కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడితే తప్ప ఆ గీత ఇలా నిలవదు, పాకిపోతుంది. ఎరుపు రావాలంటే మొదట పటిక నీళ్ళు అద్దాలి. అద్దినప్పుడు ఏమీ కనిపించదు, దాదాపు తెల్లబట్టే. దాన్ని కాగులో వేసి ఉడికించాక పటిక పట్టిన చోటే ఎరుపు తేలుతుంది. మా నాన్న మంజిష్ఠ వేసేవాడు, తాతలనాడు చిరివేరు. ఇదిగో ఈ ఎరుపు చిరివేరుదే అయ్యుంటుంది, మంజిష్ఠ ఇంత లోతుగా రాదు. కాలవలో పారే నీళ్ళలో ఉతకాలి, నిలవనీళ్ళలో ఉతికితే నేల మురికిబారుతుంది.

నేను వింటూ నిలబడ్డాను. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు తను అచ్చులు కడిగేదనీ, పటిక అద్దిన చోటు నీడకి పట్టి చూసి ఎక్కడ తప్పిపోయిందో చెప్పేదనీ, అందుకని వాళ్ళ నాన్న పెద్ద పని ఉన్నప్పుడల్లా బడి మాన్పించి మరీ కూర్చోబెట్టుకునేవాడనీ అప్పుడే తెలిసింది నాకు. అన్నేళ్ళ కాపురంలో కూర ఉప్పగా ఉందా చప్పగా ఉందా, పిల్లాడి ఫీజు కట్టారా లేదా అన్న మాటలతోనే మా రోజులు గడిచాయి. ఇంత విద్య పక్కనే ఉంది.

"ఇంకో సంగతి. ఇది అచ్చు కాదు, కలం" అంది కాసేపటికి. ఎలా తెలుసు అన్నాను. "ఈ దేవత ముక్కు చూడండి. ఇప్పుడు ఆ కింద దేవత ముక్కు చూడండి. ఒకేలా ఉన్నాయా? అచ్చయితే ఒకేలా ఉంటాయి." నిజమే. ఒకటి కొంచెం మొనదేలి ఉంది, ఒకటి లేదు. మూడో వరసలో ఒక దేవతకి పెదవి కొసన చిన్న వంపు ఉంది, మిగతావాళ్ళకి లేదు. రెండున్నర శతాబ్దాల కింద మా సముద్రపు ఒడ్డున ఏ పాకలోనో నేల మీద కూర్చుని, తను ఎన్నడూ చూడని దేశపు దేవతని ఒక మనిషి గీస్తూ ఉండగా చెయ్యి ఆ ఒక్క చోట అలా తిరిగింది.

ఇంటికొచ్చాక ఆ సంగతులు కొంత చదివాను. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు రేవు నుంచి ఓడలు బంగాళాఖాతం దాటి, ఇప్పటి మయన్మార్‌లో ఉన్న మెర్గుయ్ రేవుకి వెళ్ళేవట, అక్కడ సరుకు దింపి కొండదారిన అయుత్థయకి చేర్చేవాళ్ళు. సియాం రాజులు తమకి కావలసిన నమూనాలు ఇక్కడికి పంపి గీయించుకునేవాళ్ళు. ఆ బట్టలు ఎవరు పడితే వాళ్ళు కట్టడానికి వీల్లేదు. రాజుగారు హోదాని బట్టి కొలువులో వాళ్ళకి ఇచ్చేవారు. బందరు చరిత్ర అంటే మాకు చిన్నప్పటి నుంచీ డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు, 1864 ఉప్పెన, ఇంతే. తూర్పు వైపు కూడా మన పని కోసం ఎదురుచూసిన దేశం ఒకటి ఉందని బళ్ళో మాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మాట అది. పెడనలో ఇవాళ రోజు కూలీ గిట్టక అద్దకం మానేస్తున్న కుర్రాళ్ళకి ముందుగా చెప్పాలి.

ఫొటో తీద్దామంటే అద్దం మీద లైటు పడి నా నీడే వచ్చింది. అప్పుడు తను హోటల్ వాళ్ళ చిన్న నోటు పుస్తకం సంచిలోంచి తీసి, బెంచీ మీద కూర్చుని, ఆ దేవతనీ అంచునీ బాల్‌పెన్నుతో గీసుకుంది. కాపలా ఉన్న ఆవిడ వచ్చి ఏం రాస్తున్నారో వంగి చూసి, తర్వాత మా ఆవిడ పైట కొంగు అంచుని చూసి, అద్దం వైపు చూసి, నవ్వింది. ఇద్దరికీ భాష లేదు. మా ఆవిడ కొంగు ఆవిడ చేతిలో పెట్టింది, ఆవిడ నేత పట్టి పట్టి చూసింది.

తర్వాతి రోజు చూసినవి కూడా చిన్నవి కావు. వాట్ ఫోలో 46 మీటర్ల శయన బుద్ధుడు, ముత్యపు చిప్పతో 108 శుభచిహ్నాలు పొదిగిన పాదాలు, వరసగా 108 కంచు గిన్నెల్లో జనం వేసే చిల్లర చప్పుడు. ఆ గుడిలోనే కాళ్ళకి మాలీషు చేయించుకుంటే మా ఆవిడ మోకాళ్ళు ఆ సాయంత్రం నిజంగానే తేలికపడ్డాయి. నదికి అవతల వాట్ అరుణ్ గుడికి అప్పట్లో మూడు బాత్‌ల పడవ, కానీ మరమ్మతులు చేస్తూ గోపురం అంతా పరంజా కట్టేశారు, కిందినుంచే పింగాణీ ముక్కల పువ్వులు చూసి వచ్చాం. తిండికి మాత్రం ఇబ్బంది పడ్డాం. కూరలన్నిట్లో చేపల సాస్ పడుతుంది. పసుపు జెండా మీద ఎర్రగా ఒక గుర్తు ఉన్న బండి దగ్గరైతే మాంసం చేప ఏదీ ఉండదని ఎవరో చెప్పారు, దాన్ని వెతుక్కుంటూ తిరిగాం. దొరకని పూట మామిడిపండు ముక్కలూ కొబ్బరిపాలు పోసిన జిగురన్నమూ. మామిడిపండు విషయంలో మనవాళ్ళని మెచ్చుకునే నేనే ఆ మామిడికి రెండోసారి డబ్బులిచ్చాను.

సాయంత్రం ఎరవాన్ దగ్గరికి వెళ్ళాం. పెద్ద పెద్ద మాల్స్ మధ్య, పైన రైలు పోతుంటే, కూడలిలో నాలుగు ముఖాల బ్రహ్మ. 1956లో పక్కన హోటల్ కట్టేటప్పుడు ప్రతిష్ఠించారట. మనకి బ్రహ్మకి గుడి అంటే చేబ్రోలు గుర్తొస్తుంది, ఇంకెక్కడా పెద్దగా కనిపించదు. ఇక్కడేమో ఆఫీసు నుంచి వచ్చే పిల్లలు హైహీల్స్ విప్పి అగరొత్తులు వెలిగిస్తున్నారు. మొక్కు తీరినవాళ్ళు డబ్బు కడితే నాట్యం చేసేవాళ్ళు కిరీటాలు పెట్టుకుని ఆడతారు. ఒక పెద్దావిడ దగ్గర మల్లెపూల దండ కొని నాలుగు ముఖాలకీ దణ్ణం పెట్టుకుంది మా ఆవిడ. ఆ ఏడాదే ఆగస్టు 17న అక్కడ బాంబు పేలింది, 20 మంది పోయారు. టీవీలో ఆ కూడలి చూపిస్తుంటే నాకు నోట మాట రాలేదు. తను మాత్రం దండలమ్మే ఆవిడ ఏమైందో అని అన్ని ఛానళ్ళూ తిప్పుతూ కూర్చుంది. ఎలా తెలుస్తుంది.

తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో క్షీరసాగర మథనం విగ్రహాలు చూశాం, వాసుకిని పట్టుకుని దేవతలూ రాక్షసులూ, పైన విష్ణువు. అక్కడ నిలబడి నన్ను ఫొటో తీయమని తనంతట తనే అడిగింది. మా ఇంట్లో తను ఒక్కతే ఉన్న ఫొటో అదొక్కటే.

ఇంటికి చేరాక సూట్‌కేసులు విప్పకముందే పెడన వెళ్దామంది. పెరట్లో మొక్కల సంగతి ఎత్తనేలేదు. బావమరిది అద్దకం బల్ల దగ్గరే ఉన్నాడు, చేతులు మోచేతుల దాకా నల్లగా. మనవరాలి కబుర్లు రెండు నిమిషాల్లో అయిపోయాయి, నోటు పుస్తకం బయటికొచ్చింది. వాడు చేతులు తుడుచుకుని ఆ కాగితం దీపం కిందికి తీసుకెళ్ళి చూసి, "కలమా, అచ్చా అక్కా?" అన్నాడు మొదట. కలమే అంది. "మరి నేల ఎరుపు ఎలా పట్టించారు, దేవత తెల్లగా ఎలా ఉంది, మైనం పెట్టారా?" అన్నాడు. ఆ తర్వాత అంచు మొన ఎంత పొడవు అంటే తను జానెడు చూపించింది, అంత ఉండదులే అని వాడు, ఉంది నేను చూశాను అని తను, ఇలా అచ్చు చెక్కాలంటే ఈ మొనలు విరిగిపోతాయని వాడు, రెండు అచ్చులుగా చెక్కించు అని తను. "బావగారూ, మీరైనా చెప్పండి, జానెడు ఉందా?" అని వాడు నా వైపు తిరిగాడు. జానెడూ ఉంది, ఇంకో రెండు వేళ్ళు కూడా ఉంది అన్నాను.